నెల్లీ మిడ్జ్‌లీకి నచ్చినవీ నచ్చనివీ

పుస్తకాల వ్యానులో పని దొరికేనాటికి మేవిస్ గ్రీన్‌వుడ్‌కి నలభై మూడేళ్లు. అప్పటిదాకా ఆమె చదివిన నవలలు మూడంటే మూడు. వాటిలో ఒకదాన్ని సగంలోనే వదిలేసింది. ఈ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచేది కాదు. పద్నాలుగో ఏట మిల్లులో చేరిన పిల్లకి నవలలు చదివే తీరిక ఎక్కడిది? ఇరవై తొమ్మిదేళ్లు మగ్గాల మధ్యే నిలబడింది. 1972లో మిల్లు మూసేశారు. పనివాళ్లందరి చేతా ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, తలా ఒక టీ కెటిల్ ఇచ్చి సాగనంపారు. యార్క్‌షైర్ కొండల్లో ఆ ఏడు మూతపడ్డ మిల్లు అదొక్కటే కాదు. ఆ వయసు ఆడమనిషిని పిలిచి పనిచ్చేవాళ్లెవరు?

జిల్లా గ్రంథాలయం వాళ్లు ఇచ్చారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా చూస్తాం, బాగుంటే ఉంచుకుంటాం, లేకపోతే లేదు అని ముందే చెప్పారు. మేవిస్ తలూపింది. ఇంట్లో తనూ తన అక్కా, ఇద్దరే. అక్కకి కీళ్లవాతం. ఈ పని పోతే ఇంకో పని లేదని ఇద్దరికీ తెలుసు కాబట్టి దాని గురించి ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు.

కానీ ఆ పని మీద ఆమెకు మమకారం పుట్టింది మాత్రం జీతం వల్ల కాదు. మగ్గాల మోతలో మనిషి గొంతు వినబడదు. పక్కన నిలబడి అరిచినా లాభం లేదు, పెదవులు చూసి మాట పట్టుకోవాలి. మిల్లు ఆడవాళ్లందరికీ ఆ విద్య వచ్చు. గది ఈ చివర నుంచి ఆ చివరికి, ఏ శబ్దమూ లేకుండా, ఎవరి మొగుడు తాగొచ్చాడో చెప్పుకునేవాళ్లు. అలా ఇరవై తొమ్మిదేళ్లు మేవిస్ తన పేరును కళ్లతోనే చూసింది. వ్యాను ఎక్కిన మొదటిరోజు కోల్డ్‌షా ఊళ్లో ఒక ముసలావిడ "మేవిస్, తల్లీ!" అని పిలిస్తే అది చెవిలో పడింది. అంతే, ఇక ఆ వ్యాను దిగకూడదనుకుంది.

వ్యాను కొండ దిగువన హెబుల్‌రాయిడ్ పట్నం నుంచి బయల్దేరి కొండమీది పల్లెలన్నీ పదిహేను రోజులకోసారి చుట్టొచ్చేది. నడిపేది క్లిఫర్డ్. అతని నోరు బ్రేకుల్లేని బండి. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునేది మేవిస్. కోల్డ్‌షాలో చర్చి గేటు దగ్గర నలభై నిమిషాలు ఆగేవాళ్లు. ఆ కొండ మీద జనం మరేమీ చదవరు, డిటెక్టివ్ నవలలే. వానా పొగమంచూ, ఇంట్లో బొగ్గు పొయ్యి, చేతిలో ఎవడో ఒకడు హత్యకు గురైన పుస్తకం. అంతకన్నా వాళ్లకు వేరే స్వర్గం అక్కర్లేదు. కానీ ఏ హత్య పడితే ఆ హత్య చెల్లదు. అబ్బో, వాళ్ల పట్టింపులు పెళ్లివారి పట్టింపుల్ని మించినవి.

"మనుషుల్ని ఎంతమందినైనా చంపుకోనీ తల్లీ, నాకేం అభ్యంతరం లేదు," అనేది ఐవీ క్రాబ్‌ట్రీ. మేవిస్‌ని మొదటిరోజు పేరు పెట్టి పిలిచిన ముసలావిడ ఈవిడే. "కుక్క జోలికొచ్చారో, పుస్తకం అక్కడే మూసేస్తా."

ఫీల్డెన్ టీచరు బడి నుంచి రిటైరై పదేళ్లయినా బెత్తం మాత్రం నోట్లోనే ఉంది. "మొదటి యాభై పేజీల్లో మొహం చూపించనివాడికి హత్య చేసే హక్కు లేదు. చివర్లో ఆస్ట్రేలియా నుంచి తమ్ముడొకడు ఊడిపడితే అది నవలా? అది మోసం. ఇక కవలపిల్లల సంగతి నా దగ్గర ఎత్తకు."

గొర్రెలు పెంచే రైతు ఒకాయన పుస్తకం మొదట్లో ఇంటి పటం ఉందా లేదా అని మాత్రమే చూసేవాడు. పటం లేకపోతే శవం ఏ గదిలో ఉందో తనకెలా తెలుస్తుందని అడిగేవాడు. డిటెక్టివ్ ప్రేమలో పడితే పుస్తకాన్ని తలకిందులుగా పెట్టి తిరిగిచ్చేవాడు.

ఆర్నల్డ్ మిడ్జ్‌లీది ఇంకో దారి. కొండమీది పాత మిల్లులో ఒకప్పుడు మగ్గాలు బాగుచేసిన మేస్త్రీ. డెబ్బై దాటినా నిటారుగా నిలబడతాడు, మాట పొదుపు. "డిటెక్టివ్ అన్నవాడు మధ్యాహ్నం కూర్చుని భోంచెయ్యాలి," అని ఒకసారి అన్నాడు. "తిండి మానేసి తుపాకీ పట్టుకు పరిగెత్తేవాడు ఏం కనిపెడతాడు? ఆకలిమీద మగ్గమే బాగుచెయ్యలేం." ఏప్రిల్ నుంచి జూన్ దాకా అతను మేవిస్‌తో అన్న పెద్దమాట అదే.

మేవిస్ ఇవన్నీ వింటూ నవ్వుకునేది. కాగితం మీద జరిగే చావుల గురించి ఇంత గొడవేమిటో ఆమెకు అంతుపట్టేది కాదు.

జూన్‌లో వ్యాను గేరుబాక్సు చెడిపోయి రెండు వారాలు షెడ్డుకెక్కింది. పుస్తకాలన్నీ దించి గోదాములో పెట్టారు. క్లిఫర్డ్ బండి దగ్గర, మేవిస్ పుస్తకాల దగ్గర. దుమ్ము దులుపుతుంటే ఆమె కంటికి పెన్సిలు గుర్తులు కనబడ్డాయి. డిటెక్టివ్ నవల ఏది తెరిచినా అంతే. పదిహేడో పేజీలో ఒక చుక్క, నలభయ్యో పేజీలో ఒక ఎఫ్, ముప్పై ఒకటో పేజీ అంకె కింద ఒక త్రికోణం, దాని పక్కన చిన్న ఎన్. ఒక్కో పుస్తకంలో పదేసి, పన్నెండేసి.

మిల్లులో నేసిన బట్ట మీద గోరంత మరక ఉంటే తాను తానంతా వెనక్కొచ్చేది. ఇరవై తొమ్మిదేళ్ల అలవాటు రెండు నెలల్లో పోతుందా? మేవిస్ వెళ్లి నాలుగు మెత్తటి రబ్బర్లు కొనుక్కొచ్చింది. పది రోజులు కూర్చుంది. రెండు వందల నలభై నవలలు, పేజీ పేజీ తిప్పి, ఒక్క గీత మిగలకుండా చెరిపింది. ఆఖరి పుస్తకం అరలో పెట్టాక నడుం మీద చేతులు పెట్టుకుని మురిసిపోయింది. ఎవరూ చెప్పకుండానే చేసిన పని కదా, అక్టోబరులో ఇది ఎవరో ఒకరు గుర్తుచేసుకుంటారనుకుంది.

గుర్తుచేసుకున్నారు, అక్టోబరు దాకా కూడా ఆగలేదు.

వ్యాను బాగై కోల్డ్‌షా చేరిన రోజు ఐవీ ఎక్కీ ఎక్కగానే ఒక నవల తీసి పదిహేడో పేజీ తిప్పింది. అరలో పెట్టేసి ఇంకోటి తీసి పదిహేడో పేజీ తిప్పింది. ఏడు పుస్తకాలయ్యాక మేవిస్ వైపు తిరిగింది.

"ఏం తల్లీ, ఇవన్నీ కొత్త పుస్తకాలా?"

"పాతవేనండీ. గీతలన్నీ తుడిచి శుభ్రం చేశాను," అంది మేవిస్, మెచ్చుకుంటారేమోనని చూస్తూ.

"తుడిచావా?" ఐవీ అక్కడున్న స్టూలు మీద కూలబడింది. "అంటే నా చుక్కలన్నీ పోయాయా? ఇప్పుడు ఏది చదివానో ఏది చదవలేదో నాకెట్టా తెలుస్తుందే?"

అప్పుడు తెలిసింది మేవిస్‌కి. కొండమీద ప్రతి పాఠకుడికీ ఒక గుర్తు ఉంది, దానికొక పేజీ ఉంది. చదివిన పుస్తకంలో ఆ పేజీలో ఆ గుర్తు పెడతారు. మళ్లీ ఎప్పుడైనా చేతికొస్తే ఆ పేజీ తిప్పి, గుర్తుంటే వదిలేస్తారు. అట్టలన్నీ ఒక్కలాంటివే, పేర్లన్నీ శవం, విషం, మరణం. గుర్తు లేకుండా ఎవరు పోల్చుకోగలరు? తండ్రుల నాటి నుంచి వస్తున్న పద్ధతి. గ్రంథాలయం వాళ్ల నిబంధనల్లో పుస్తకం మీద గీయడం తప్పు కాబట్టి వ్యాను మనిషికి ఎవరూ చెప్పరు. చూసీ చూడనట్టు ఉండటం వ్యాను మనిషి ధర్మం. ఇన్నేళ్లలో ఉండనిది మేవిస్ ఒక్కతే.

"సాక్ష్యాలు మాయం చేసేవాళ్ల గురించి నలభై ఏళ్లుగా చదువుతున్నాను," అంది ఫీల్డెన్ టీచరు కళ్లజోడు మీంచి చూస్తూ. "ఎదురుగా చూడటం ఇదే మొదలు."

క్లిఫర్డ్ స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాడు. ఐవీ కూడా నవ్వింది. మేవిస్‌కి చెవులు కాలిపోతున్నాయి గానీ, వాళ్లు నవ్వుతున్నారు కదా అని కాస్త ధైర్యం వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆర్నల్డ్ మిడ్జ్‌లీ ఎక్కాడు. ఎవరితోనూ మాట్లాడకుండా ఒక నవల తీసి ముప్పై ఒకటో పేజీ తెరిచాడు. ఇంకోటి తెరిచాడు. మూడోదాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. అతని పెదవులు కదిలాయి. గొంతు బయటికి రాలేదు. మిల్లులో పనిచేసినవాళ్లకు తప్ప అక్కడేదో మాట ఉందని కూడా తెలియదు.

మేవిస్‌కి తెలిసింది. "ఎక్కడికెళ్లిపోయావే?" అన్నాడతను ఆ పేజీతో.

పుస్తకం అరలో పెట్టేసి, ఖాళీ చేతుల్తో దిగి వెళ్లిపోయాడు. వ్యానులో నవ్వు ఆగిపోయింది.

"త్రికోణం అతనిది, ఎన్ నెల్లీది," అని ఐవీ మెల్లగా చెప్పింది. "ఆర్నల్డ్ పెళ్లాం. పోయి మూడేళ్లయింది. నేనూ అదీ మిల్లులో పక్కపక్క మగ్గాలు. అతనికన్నా చాలా చదివేది. అది పోయినప్పట్నుంచీ ఆర్నల్డ్ ఎన్ ఉండి త్రికోణం లేని పుస్తకాలు వెతుక్కుని మరీ చదువుతున్నాడు. అది చదివింది, తను చదవనిది. ఒకటి దొరికితే ఆ పదిహేను రోజులూ మనిషి బాగుంటాడు."

ఎన్ని ఎన్‌లు చెరిపిందో మేవిస్ లెక్కపెట్టలేదు. ఒక్కోదానికీ రెండుసార్లు రబ్బరు తిప్పి, పొట్టు ఊదేసింది.

ఆ ఆదివారం బస్సెక్కి కోల్డ్‌షా వెళ్లి ఆర్నల్డ్ తలుపు తట్టింది. అతను తలుపు తీశాడు గానీ గుమ్మం వదల్లేదు.

"తప్పయిపోయింది మిడ్జ్‌లీ గారూ. నాకు తెలీదు. తెలిసుంటే చెయ్యి నరుక్కునేదాన్ని గానీ..."

"చెయ్యి నీ దగ్గరే ఉంచుకో," అన్నాడు ఆర్నల్డ్. "ఆఫీసుకి రాయాల్సిన ఉత్తరం ఒకటుంది నాకు. మధ్యలో లేచొచ్చాను." తలుపు మూసుకుంది.

ఆర్నల్డ్ మిడ్జ్‌లీ ఉత్తరం రాస్తే ఏమవుతుందో క్లిఫర్డ్ చెప్పాడు. వ్యాను రూటు మార్చాలని చూసినప్పుడు అతను ఒక్క ఉత్తరం రాశాడు, రూటు మారలేదు. మేవిస్‌కి ముందు పనిచేసినతను పుస్తకాలు విసిరి ఇస్తున్నాడని ఒక్క ఉత్తరం రాశాడు, ఆ పనిలో మనిషే మారిపోయాడు. "నువ్వు ఆర్నెల్ల మనిషివి అమ్మాయ్. నిన్ను తియ్యడానికి వాళ్లకు ఉత్తరం కూడా అక్కర్లేదు, పోస్టుకార్డు చాలు," అన్నాడు. అని, మేవిస్ మొహం చూసి, తన సంచిలోంచి పంది మాంసం కూరిన రొట్టె ఒకటి తీసి సగం తుంచి ఇచ్చాడు. క్లిఫర్డ్ ఓదార్పు అంతకుమించి ఉండదు.

మేవిస్‌కి రాత్రుళ్లు నిద్ర పట్టడం మానేసింది. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదనడానికి లేదు. అక్టోబరు తర్వాత ఏం చెయ్యాలో ఆలోచించడానికే భయపడేది. కానీ కళ్లు మూసుకుంటే కనబడేది ఆఫీసు కాదు, ఆ కదిలే పెదవులు. పని ఉన్నా పోయినా ఆ పెదవులకు జవాబు చెప్పాలి.

మిగతావాళ్ల సంగతి ఫీల్డెన్ టీచరు చక్కబెట్టింది. "చెరిపినా పెన్సిలు నొక్కిన గాడి ఉంటుంది. టార్చిలైటు పక్కనుంచి వెయ్యండి, కనబడుతుంది."

"ప్రతి పుస్తకంలోనూ ఇదే రాస్తారు, ఇది జరిగే పనేనా?" అన్నాడు క్లిఫర్డ్.

"జరగదని నేనూ అనుకునేదాన్ని. ఆ కిటుకు వచ్చినప్పుడల్లా పుస్తకం పక్కన పడేసేదాన్ని. చూద్దాం పట్టు."

జరిగింది. ఐవీ రొట్టెపిండి పిసికే చేతులు పెన్సిలు మీద కూడా అంతే బలంగా పడతాయి, ఆమె చుక్కలు గుంటలు పడి ఉన్నాయి. టీచరు ఎఫ్‌లు, రైతు అడ్డగీతలు, ఒక్కోటీ దొరుకుతుంటే వ్యానులో పండగలా ఉండేది. వాళ్లకది శిక్షలా తోచలేదు. జీవితమంతా చదివిన పని మొదటిసారి చేతులతో చేస్తున్నారు. ఆగస్టు వచ్చేసరికి కొండమీద అందరి గుర్తులూ మళ్లీ దిద్దేశారు. మేవిస్‌ని ఒక్కరూ ఒక్క పరుషమైన మాట అనలేదు. పైగా ఎవరో గుడ్లు తెచ్చారు, ఎవరో అల్లం రొట్టె తెచ్చారు. వాళ్ల మంచితనాన్ని ఆమె అప్పుడే కాదు, చివరిదాకా మరచిపోలేదు.

నెల్లీవి మాత్రం దొరకలేదు. సన్న నూలుతో పనిచేసిన చెయ్యి, పెన్సిలు ఆనించీ ఆనించనట్టు రాసింది. రెండు వందల నలభైలో మూడంటే మూడు కనబడ్డాయి. మేవిస్ టార్చి ఆర్పేసి కూర్చుండిపోయింది.

"ఇది నెల్లీ చదివిందే," అంది ఐవీ, ఒళ్లో ఉన్న పుస్తకాన్ని తడుతూ.

"గుర్తు దొరికిందా?"

"గుర్తెందుకు? పదిహేను రోజులు దీన్ని తిట్టిపోసింది నా దగ్గర. ఇదిగో, ఇక్కడే, ఈ మెట్టు మీద కూర్చుని."

"ఏమని తిట్టింది?" అని అడిగింది మేవిస్. ఊరికే అడిగింది. ఐవీ చెప్పడం మొదలెట్టేసరికి ఆమె చేతికి అందిన చీటీ మీద రాసుకోసాగింది. ఆ రోజు ఇంటికెళ్లి ఆ పుస్తకం చదివింది. నెల్లీ దేన్ని తిట్టిందో తెలియాలి కదా. తెల్లారి చూసుకుంటే పుస్తకం అయిపోయింది, టీ చల్లారిపోయింది. తిట్టడంలో నెల్లీదే న్యాయం అనిపించింది.

అలా మొదలైంది. మేవిస్ ప్రతి పల్లెలోనూ అడిగింది. నెల్లీని ఎరిగినవాళ్లు ఐవీ ఒక్కతే కాదు. ఫీల్డెన్ టీచరు నెల్లీతో సగం జీవితం వాదించింది. "ఆధారాలు సరిగ్గా ఉన్నాయా లేదా అని నేనంటే, 'ఆధారాలు మీరు చూసుకోండి టీచరుగారూ, మనుషుల్ని నేను చూసుకుంటా' అనేది. నాకు ఒళ్లు మండేది," అని చెప్పి, కాసేపటికి "ఆ మాట సరైనదే," అంది. రైతుకి ఒక పుస్తకం గురించి నెల్లీ చెప్పింది గుర్తుంది. మిల్లులో పనిచేసిన ఇంకో ఇద్దరికి నాలుగైదు గుర్తున్నాయి. మేవిస్ విన్నది విన్నట్టు రాసేది, తనవైపు నుంచి ఒక్క మాట కలిపేది కాదు. ఏ పుస్తకం చీటీ ఆ పుస్తకంలో పెట్టేది.

ఆర్నల్డ్ వ్యాను దగ్గరికి రావడం మానేశాడు. ఆగస్టు చివర్లో మేవిస్ మొదటి పుస్తకం పట్టుకెళ్లి అతని తలుపు తట్టింది. ఆఫీసువాళ్లు మూడు నాలుగు నెలలదాకా ఉత్తరాలు విప్పరు కాబట్టి ఇంకా ఏ కబురూ రాలేదు. రాయనే లేదేమో, ఇప్పుడు వెళ్లి గుర్తుచేసినట్టవుతుందేమో అని కాళ్లు వెనక్కి లాగాయి. అయినా తట్టింది.

"నెల్లీ గారు చదివింది," అని పుస్తకం చేతిలో పెట్టి, అతను ఏదైనా అనేలోపు వెనక్కి తిరిగి వచ్చేసింది.

ఆ చీటీలో ఇలా ఉంది: "ఈ పుస్తకం గురించి నెల్లీ అన్నది: ఇరవై రెండు అధ్యాయాలయ్యాయి, చచ్చిపోయిన గుమాస్తా కోసం ఒక్కళ్లూ ఏడవలేదు. అందరూ ఎవరు చంపారు, ఎవరు చంపారు అంటారే తప్ప, ఎవరు పోయారు అని అడిగేవాళ్లే లేరు. నాకు నచ్చలేదు. నేనే కాస్త ఏడ్చాను, గిన్నెలు కడుగుతూ."

పదిహేను రోజుల తర్వాత ఆర్నల్డ్ వ్యాను ఎక్కాడు. పుస్తకం చంకలో ఉంది, చీటీ చేతిలో ఉంది.

"ఇది నెల్లీ అన్నదా, నువ్వు అల్లావా?"

"ఐవీ గారు చెప్పింది చెప్పినట్టు రాశానండీ. నాకు అల్లడం రాదు, నేత ఒక్కటే వచ్చు."

అతను స్టూలు మీద కూర్చున్నాడు. వ్యానులో ఉన్నవాళ్లు అరల వైపు తిరిగి పుస్తకాలు చూస్తున్నట్టు నటించారు.

"నలభై ఒక్క ఏళ్లు," అన్నాడు. "ముందు అది చదివేది, తర్వాత నేను. అది నోరు తెరవబోతే 'చెప్పకు, నేనింకా చదవలేదు' అనేవాణ్ణి. నేను చదివేసరికి చేతిలో ఇంకోటి ఉండేది. ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్క పుస్తకం గురించి, నీకేమనిపించిందే అని అడగలేదు. అందరికీ చెప్పిందన్నమాట. నేను తప్ప కొండంతా విన్నది." చీటీ మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. "ఇంకా ఉన్నాయా?"

"ముప్పై ఏడు ఉన్నాయండీ," అంది మేవిస్.

"ఒక్కొక్కటే ఇవ్వు. తొందరేం లేదు."

ఒక్కొక్కటే ఇచ్చింది. నెల్లీకి పనిమనుషులు బాగా గమనించే పుస్తకాలు ఇష్టం. ఆ పనిమనిషి ఏదో చూసిందని పదో అధ్యాయంలో చంపేస్తే రచయితకు శాపనార్థాలు. ముసలివాళ్లని వెర్రివాళ్లుగా రాస్తే ఇష్టం లేదు. విషం టీలో కలపడం బొత్తిగా ఇష్టం లేదు, మంచి టీ పాడవుతుందని. ఒక ఇన్‌స్పెక్టరు ఆమెకు మరీ నచ్చాడు, ఎందుకంటే "మా ఆర్నల్డ్ లాగే తిన్నాక చొక్కా మీది రొట్టెపొట్టు తనే దులుపుకుంటాడు." ఆ చీటీ చదివిన రోజు ఆర్నల్డ్ పుస్తకం కూడా తీసుకోకుండా దిగి వెళ్లి, సగం దారి పోయి, మళ్లీ వచ్చి తీసుకెళ్లాడు.

అక్టోబరు మొదట్లో ఐవీ మేవిస్‌ని పక్కకి పిలిచింది. "ఒకటుంది. చచ్చేదాకా ఎవరికీ చెప్పనని నెల్లీకి మాటిచ్చా. అది చచ్చిపోయింది కాబట్టి, చచ్చేదాకా అంటే ఎవరు చచ్చేదాకా అన్నది నేను అడగలేదు కాబట్టి, చెప్పేస్తున్నా. రాసుకో."

ఆ చీటీని ఆర్నల్డ్ వ్యానులోనే చదివాడు: "నెల్లీ ప్రతి పుస్తకమూ ఆఖరి పేజీ ముందు చదివేది. హంతకుడెవరో తెలిస్తే మొదటినుంచీ వాడిమీద జాలిపడుతూ చదవొచ్చు, పాపం వాడికెవరున్నారు అనేది. ఇంకో లాభం, ఆర్నల్డ్ చదివేటప్పుడు ఎదురుగా ఊలు అల్లుకుంటూ కూర్చోవచ్చు. తప్పుడు మనిషిని అనుమానించినప్పుడల్లా అతని ఎడమ కనుబొమ పైకి లేస్తుంది. నాకు అసలు పుస్తకం కన్నా అదే ఇష్టం అనేది."

ఆర్నల్డ్ ఆ చీటీ రెండుసార్లు చదివాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని మేవిస్ కంగారుపడింది. అతను నవ్వుతున్నాడు. దగ్గొచ్చేదాకా నవ్వి, కళ్లు తుడుచుకుని, "దొంగముండ," అన్నాడు, పెదవులతో కాదు, గొంతెత్తి, అందరికీ వినబడేలా. "నలభై ఒక్క ఏళ్లు నా కనుబొమ చదివిందన్నమాట."

అక్టోబరు ఆఖరివారంలో ఆఫీసు నుంచి క్రెస్‌వెల్ గారు వచ్చి వ్యాను ఎక్కాడు. మేవిస్‌ని ఉంచాలో తియ్యాలో తేల్చే మనిషి. కోల్డ్‌షా చేరేదాకా అరల్లో పుస్తకాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. అక్కడ జనం ఎక్కాక జేబులోంచి ఒక కవరు తీశాడు. జూన్‌లో వచ్చిన ఉత్తరం. ఆఫీసు ఇప్పటికి విప్పింది. మేవిస్ ఆ అక్షరాలు చూసింది, నిటారుగా, మేస్త్రీ కొలత గీసినట్టు ఉన్నాయి. అరని పట్టుకుంది.

"మిడ్జ్‌లీ అంటే?" అన్నాడు క్రెస్‌వెల్.

"నేనే," అన్నాడు ఆర్నల్డ్.

"ఈ గ్రంథపాలకురాలు మీకు తీరని నష్టం చేసిందనీ, ఆమెను పనిలో ఉంచకూడదనీ రాశారు. నష్టమేమిటో రాయలేదు. ఏమ్మా, ఏం చేశావు?"

"పుస్తకాల్లో గుర్తులు చెరిపేశానండీ," అంది మేవిస్. "ఆయన రాసింది నిజమే."

"గుర్తులా? పుస్తకాల మీద పాఠకులు గీయడం నిబంధనలకు విరుద్ధం కదా?"

ఐవీ చేతిలో పెన్సిలు చప్పుడు లేకుండా సంచిలోకి జారిపోయింది. ఫీల్డెన్ టీచరు కిటికీలోంచి వాతావరణం పరీక్షించసాగింది. క్రెస్‌వెల్ గారు ఒక్కొక్కరి మొహమూ చూశాడు. ఆ చిన్న వ్యానులో ప్రతివాళ్లూ నేరస్థుల్లాగే ఉన్నారు.

ఆర్నల్డ్ లేచి నిలబడ్డాడు. "ఉత్తరంలో అబద్ధం లేదు. ఈ అమ్మాయి నా పెళ్లాన్ని చెరిపేసింది. పుస్తకాల్లో మిగిలింది అదొక్కటే, దాన్ని రబ్బరు పెట్టి తుడిచేసింది."

మేవిస్ తల దించుకుంది. ఇక వినాల్సిందేమీ లేదనుకుంది.

"కానీ ఆ ఉత్తరం నేను సగంలో ఉండగా రాశాను," అన్నాడు ఆర్నల్డ్. "యాభై ఏళ్లుగా ఈ పుస్తకాలు చదువుతున్నవాణ్ణి, సగంలో తీర్పు చెప్పకూడదని నాకు తెలిసుండాలి. మిగతా సగం వినండి. తను చెరిపింది ఒక్క అక్షరం. దాని బదులు కొండంతా తిరిగి ముప్పై తొమ్మిది చీటీలు పోగుచేసింది. నలభై ఒక్క ఏళ్లు కాపురం చేసి నేను వినని మాటలు అవి. పోయిన మనిషిని ఎవరూ తేలేరు, ఆ సంగతి నాకు తెలుసు. ఈ పిల్ల మాత్రం నాకు నెల్లీని ఇంకాస్త ఇచ్చింది. నేను ఆమెకు రుణపడి ఉన్నాను."

"అయితే ఇది ఫిర్యాదా, మెచ్చుకోలా?" క్రెస్‌వెల్ కలం పట్టుకుని అడిగాడు. పాపం అతనికి కాగితంలో రెండు గళ్లే ఉన్నాయి.

"రెండూ. రెండూ రాయండి. రెండోది పెద్ద అక్షరాలతో రాయండి."

రాశాడు. ఏం రాశాడో గానీ, నవంబరులో మేవిస్‌కి వచ్చిన కాగితంలో 'స్థిరమైన ఉద్యోగం' అని ఉంది. ఆ వ్యానులో ఆమె ఇంకో పంతొమ్మిదేళ్లు పనిచేసింది. ఎవరికి కుక్క చావకూడదో, ఎవరికి పటం కావాలో ఆమెకు కంఠోపాఠం. ఇరవై తొమ్మిదేళ్లు బట్ట నేశాను, చదవడం మాత్రం కోల్డ్‌షా వాళ్లు నేర్పారు, నేర్పినందుకు జీతం కూడా నాకే ఇప్పించారు అనేది, ఎవరు అడిగినా.

కానీ ఆ రోజు ఇంకా ఆ కాగితం రాలేదు. క్రెస్‌వెల్ గారు బయట క్లిఫర్డ్‌తో గేరుబాక్సు గురించి మాట్లాడుతున్నాడు. జనం దిగిపోయారు. ఆర్నల్డ్ మాత్రం మిగిలాడు.

"మీకు ఎలా చెప్పుకోను..." అని మేవిస్ మొదలెట్టింది.

"చెప్పకు," అన్నాడతను, చెయ్యి ఊపి. అరలోంచి ఒక నవల తీశాడు. అట్ట ఇంకా నలగని పుస్తకం. "ఇది నెల్లీ చదివుండదు."

"లేదండీ. ఈ వేసవిలోనే అచ్చయింది."

"నువ్వు చదివావా?"

"చదివాను. నేనొక్కదాన్నే చదివాను ఇంకా."

ఆర్నల్డ్ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఆఖరి పేజీ జోలికి పోలేదు. తర్వాత స్టూలు దగ్గరికి లాక్కుని, దానిమీద కూర్చుని, పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"నేనింకా చదవలేదు," అన్నాడు. "అయినా చెప్పు. నీకేమనిపించింది?"

మేవిస్ చెప్పడం మొదలుపెట్టింది. అతను మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.